సామ్రాజ్యం ఔనన్నది

పేరు సామ్రాజ్యం. ఏలుబడిలో ఉన్నవి మాత్రం ఒక నల్లగొడుగు, ఒక గుడ్డసంచి, ఆ సంచిలో అట్ట ఊడిన బైబిలు, ఒక బొమ్మల చుట్ట. తిరువూరు మిషను ఆవరణ వెనక వీధిలో, గౌసియాబీ ఇంటి గోడకు ఆనుకుని తాటాకు పాక. పాకా మిషనుదే, పాక కింది నేలా మిషనుదే. పొద్దున గంపలగూడెం బస్సులో ఆవిడ కనపడకపోతే కండక్టరు, "బైబిలమ్మకి జొరమా ఏంటి?" అని పక్కవాళ్ళను అడిగేవాడు.

బైబిలు స్త్రీ అన్నది మిషనువాళ్ళు పెట్టిన కొలువు. జీతం చారెడు, నడక బారెడు. పేటపేటకూ పోయి, ఆడవాళ్ళను కూర్చోబెట్టి, బొమ్మల చుట్ట విప్పి వాక్యం చెప్పాలి. అది కాగితం మీద ఉన్న పని. కాగితం మీద లేని పని దానికి పదింతలు. ఉత్తరాలు చదవాలి, రాయాలి, పురిటిగదిలో నడుం పట్టాలి, మొగుడు కొట్టిన పెళ్ళానికి కాపడం పెట్టి మొగుడికి గడ్డి పెట్టాలి, బర్రె ఈనలేక పడుకుంటే దాని తల దగ్గర కూడా ప్రార్థన చెయ్యాలి. బర్రె ఈనితే ప్రార్థన గొప్పది, ఈనకపోతే బైబిలమ్మ నోరు మంచిది కాదు.

ఆవిడ పుట్టింది రెడ్డిగూడెంలో, ఒక మామిడితోట కాపలావాడి కూతురుగా. మిషను బోర్డింగులో అయిదో తరగతి దాకా చదివింది. పదహారో ఏట ఏసోబు అనే పాలేరుకిచ్చి చేశారు. పందొమ్మిదో ఏట ఆ ఏసోబు పొలంలో నీళ్ళు మళ్ళిస్తూ పాము కరిచి పోయాడు. పిల్లాజెల్లా లేరు. అప్పుడున్న దొరసాని జాలిపడి రెండేళ్ళు తర్ఫీదు ఇప్పించి, చేతికి గొడుగిచ్చి పంపించింది. అలా మొదలైన నడక ఇరవై రెండేళ్ళుగా ఆగలేదు.

ఇన్ని చేసిన చేతికి ఒక్కటే కూడదన్నారు. అది బల్ల. నెల మొదటి ఆదివారం పాదిరిగారు రొట్టె విరిచి, ద్రాక్షరసం ఎత్తి, ఇది ప్రభువు శరీరం, ఇది ప్రభువు రక్తం అని అందరికీ పంచిపెడతారు. కిరస్తానీల వాడుకలో దాన్నే బల్ల అంటారు. చచ్చేలోపు చివరిసారి బల్ల అందుకుని పోవాలని ముసలీముతకా అల్లాడతారు. ఎండుద్రాక్ష నానబెట్టి పిసికేది సామ్రాజ్యమే. బల్లమీద పరిచే తెల్లగుడ్డకు గంజి పెట్టేది సామ్రాజ్యమే. గుడ్డ పరిచాక మాత్రం రెండు బారల దూరం జరిగి కూర్చోవాలి. ఎందుకని ఆవిడ ఎవరినీ అడగలేదు. అడిగే చోటు ఒకటి ఉంటుందని ఆవిడకు తెలియదు.

డెబ్బై నాలుగు డిసెంబరులో ఆ చోటు అమెరికా నుంచి నడిచి వచ్చింది.

వచ్చినామె పేరు వార్నరు దొరసాని. ముప్పై ఏళ్ళుంటాయి. మోకాలి కింద దాకా గౌను, భుజాన కెమెరా, చేతిలో అట్టకు బిగించిన కాగితాల బొత్తి. వాళ్ళ దేశంలో అదొక పద్ధతట. ముక్కూ మొహం తెలియని మనిషి వచ్చి తలుపు తట్టి, నీకు దేవుడున్నాడా, నీ దొరలు మంచివాళ్ళా, ఆడవాళ్ళు ఉద్యోగాలు చెయ్యొచ్చా అని అడిగి, నూటికి ఇంతమంది ఔనన్నారు, ఇంతమంది కాదన్నారు అని పత్రికల్లో వేస్తారట. అవే ప్రశ్నలు ఇక్కడి విశ్వాసులను అడిగి, ఆ లెక్కా ఈ లెక్కా పక్కపక్కన పెట్టి చూపించాలని ఆమె కోరిక.

ఆ ప్రశ్నలను తెలుగు చేసింది కృపానందం మాస్టారు. మిషను బడిలో పంతులు, గుడి సంఘానికి కార్యదర్శి. దొరసానులతో తడుముకోకుండా మాట్లాడగలిగినవాడు ఊరు మొత్తానికి ఆయన ఒక్కడే. ఇంగ్లీషు మాట్లాడే రోజున ఇస్త్రీ చొక్కా తొడిగేవాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆడవాళ్ళను చాపల మీద అలాగే కూర్చోబెట్టారు. నలభైమంది ఉంటారు. మాస్టారు ప్రశ్న చదవాలి, వీళ్ళు ఔను, కాదు, తెలియదు అనే మూడింట్లో ఒకటి చెప్పాలి, దొరసాని గడిలో గీత గియ్యాలి.

"దేవుడు ఉన్నాడని మీరు నమ్ముతున్నారా?" అని చదివాడాయన.

బోర్డింగులో వంట చేసే మేరమ్మ సామ్రాజ్యాన్ని మోచేత్తో పొడిచింది. "గుళ్ళో కూర్చోబెట్టి ఇదేం ప్రశ్న వదినా. అన్నం ముందు కూర్చోబెట్టి ఆకలి ఉందా అన్నట్టు."

అందరూ ఔనన్నారు. దొరసాని సంతోషించి తమ దేశం లెక్క చెప్పింది, మాస్టారు తెలుగులో చెప్పాడు. అక్కడ నూటికి తొంభైమందికి పైగా దేవుడున్నాడంటారు. వారంవారం గుడికి పోయేది మాత్రం నలభైమంది.

"మరి ఆ యాభైమందికీ ఆదివారం ఏం పనండీ?" అంది మేరమ్మ.

"అవన్నీ అడక్కూడదు."

"మనల్ని అడగొచ్చు, మనం అడక్కూడదా మాస్టారూ?"

ఆయన వినపడనట్టు తరువాతి ప్రశ్నకు పోయాడు. మిమ్మల్ని ఏలేవాళ్ళు మంచే చేస్తారని నమ్ముతున్నారా అని. దానికీ మళ్ళీ మేరమ్మే, "కిరసనాయిలు ఇచ్చిన వారం నమ్ముతాం, ఇవ్వని వారం నమ్మం. ఏ గడిలో గీసుకుంటుందో గీసుకోమనండి" అంది. మాస్టారు ఎలా చెప్పాడో గాని దొరసాని పగలబడి నవ్వింది. వాళ్ళ దేశంలో అధ్యక్షుడే మధ్యలో గద్దె దిగిపోయిన ఏడాది అది. మా దగ్గర కూడా ఈమధ్య నమ్మేవాళ్ళు తగ్గిపోయారు అందట.

తరువాతి ప్రశ్న మాస్టారు నిదానంగా చదివాడు. "సంఘంలో స్త్రీకి పురుషునితో సమానమైన స్థానం ఉండాలా?"

చాపల మీద గుసగుస ఆగిపోయింది. మగవాళ్ళు బయట పంచలో ఉన్నారు. తలుపులు తీసే ఉన్నాయి. ఒకరి తరువాత ఒకరు తెలియదు, తెలియదు అన్నారు. నోరుగల మేరమ్మ కూడా చెంగు సర్దుకుని తెలియదంది.

వంతు సామ్రాజ్యం దగ్గరికి వచ్చింది.

"ఉండాలండి" అంది.

మాస్టారు కళ్ళజోడు పైనుంచి చూశాడు. ఆవిడ ఆగలేదు. ఇరవై రెండేళ్ళు మింగినది గొంతులోంచి దానంతటదే వచ్చింది. "పిల్ల పుడితే బొడ్డు కోసేది మేము. ముసలాళ్ళు పోతే నోట్లో నీళ్ళు పోసేది మేము. పాదిరిగారు పేటకి నెలకోసారి వస్తారు, వాన పడితే అదీ లేదు. పేటలో మనిషి పోతూ బల్ల కావాలంటే నేను పక్కనే ఉండి చేతులు ముడుచుకుని కూర్చోవాలి. ఆ మనిషి కళ్ళు నావైపే చూస్తుంటాయండి. పెట్టే చెయ్యి మగదా ఆడదా అని పోయేవాళ్ళు చూడరు. దొరసానిగారికి ఇదంతా చెప్పండి."

మాస్టారు ఒక్క ముక్క చెప్పాడు. దొరసాని ఒక్క గీత గీసింది. గీసి, లేచి వచ్చి సామ్రాజ్యం చెయ్యి పట్టుకుని ఊపింది. "మా దేశంలో సగానికి మించి మీలాగే ఔనన్నారు" అంది. మాస్టారు ఆ మాటను మాత్రం పొల్లుపోకుండా తెలుగు చేశాడు. కెమెరా ఒకసారి టిక్కుమంది.

సాయంత్రం గోడ మీదుగా గౌసియాబీ అడిగింది. "ఏంటి అక్కా, దొరసాని నిన్ను ఫొటో తీసిందంట?"

"నా అభిప్రాయం అడిగిందే."

"అదేంటది?"

"ఫలానా సంగతి నువ్వేమనుకుంటున్నావు అని అడగడం."

గౌసియాబీ బియ్యంలో రాళ్ళేరుతూ నవ్వింది. "మా ఆయన కుట్టుమిషను ముందు కూర్చుని ఊరందరి కొలతలూ అడుగుతాడు. ఇన్నేళ్ళకీ నన్ను కూరలో ఉప్పు చాలిందా అని కూడా అడగలేదు. నీకైతే సముద్రాలు దాటొచ్చి అడిగారు. ఇంతకీ అడిగి ఏం చేస్తారక్కా?"

సామ్రాజ్యం మనసంతా ఒక్క మాట మీదే ఉంది. సగానికి మించి. అంత పెద్ద దేశంలో, ఈ గుడి కట్టినవాళ్ళ దేశంలో, సంఘంలో సగానికి మించి ఒప్పుకున్నారు.

ఆ మాట ఎనిమిది నెలలు ఆవిడ సంచిలోనే తిరిగింది.

డెబ్బై అయిదు ఆగస్టు చివర్లో పెనుగొలను పేటకు పోయిన ఆవిడను వాన పట్టేసింది. వాగు పొంగి దారి తెగింది. మూడోరోజు మధ్యాహ్నం చిట్టెమ్మకు ఎగశ్వాస మొదలైంది. చిట్టెమ్మ అంటే డెబ్బై ఏళ్ళ మనిషి. యాభయ్యో ఏట సామ్రాజ్యం దగ్గర పలక పట్టి, తన పేరు తాను రాసుకుని, ఆ పలకను నెలరోజులు చెరపనివ్వలేదు. కూతురు నాగేంద్రమ్మ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అల్లుడు వాగు దాకా పోయి తడిసి తిరిగొచ్చాడు.

"పాదిరిగారొచ్చారా?" అంది చిట్టెమ్మ.

"వాగు తియ్యలేదు పెద్దమ్మా" అంది సామ్రాజ్యం.

"బల్ల లేకుండా పోవాలా?"

చూరు నీళ్ళు ధారగా పడుతున్నాయి. చిట్టెమ్మ కళ్ళు తిప్పి సామ్రాజ్యం వైపు చూసింది. "నువ్వున్నావుగా."

సామ్రాజ్యం లేచి కాళ్ళు కడుక్కుంది. ఇంట్లో చూస్తే నాగేంద్రమ్మ పిల్లకోసం కొన్న బన్ను సగం ఉంది. ద్రాక్షపళ్ళు ఆ పేటలో కలలో కూడా లేవు. బెల్లం ముక్క నీళ్ళలో కలిపింది. కుంచం తిరగేసి, దానిమీద తన చెంగు చింపి పరిచింది. పాదిరిగారు చెప్పే మాటలు ఆవిడకు నోటికి వచ్చు. సగానికి మించి, సగానికి మించి అని లోపల అనుకుంటూ రొట్టె విరిచి, బెల్లం నీళ్ళలో ముంచి, చిట్టెమ్మ నాలుక మీద పెట్టింది. "ఇది ప్రభువు శరీరం పెద్దమ్మా."

చిట్టెమ్మ మింగింది. మొహం తేటపడింది. మర్నాడు పొద్దెక్కాక పోయింది.

చాడీలు చెప్పినవాళ్ళెవరూ లేరు. వాగు తీశాక సమాధి దగ్గరికి వచ్చిన పాదిరిగారితో నాగేంద్రమ్మే చెప్పింది, కన్నీళ్ళు తుడుచుకుంటూ, గొప్పగా. "మా అమ్మ బల్ల తీసుకునే పోయిందండి. మా బైబిలమ్మ పిన్ని ఇచ్చింది."

ఆ వారమే సంఘ పెద్దలు కూర్చున్నారు. పాదిరిగారు, కృపానందం మాస్టారు, ఇంకో ఇద్దరు. సామ్రాజ్యం నిలబడింది.

"ద్రాక్షరసం ఎక్కడిదమ్మా?" అన్నారు పాదిరిగారు.

"బెల్లం నీళ్ళండి."

ఒక పెద్ద కిసుక్కున నవ్వి, దగ్గు నటించాడు.

"నీకు అధికారం ఎవరిచ్చారు?"

"అమెరికా సంఘం ఒప్పుకుందిగా అయ్యగారూ. సగానికి మించి ఔనన్నారని దొరసానిగారు అందరిముందూ చెప్పారు. మాస్టారే తెలుగు చేశారు."

ఆ మాటతో నలుగురూ చల్లబడ్డారు. పాదిరిగారి జీతం, మాస్టారి జీతం, గుడి పైకప్పు, అన్నీ అక్కణ్ణుంచి వచ్చేవే. ఏమో, నిజంగానే అక్కడ ఒప్పుకున్నారేమో. తొందరపడి ఈమెను గెంటేస్తే రేపు మాట వస్తుంది. దొరసానికి ఉత్తరం రాసి కనుక్కుందాం అన్నారు.

జవాబు రావడానికి రెండు నెలల పైన పట్టింది. ఆ రెండు నెలలూ సామ్రాజ్యం నిటారుగా నడిచింది. "రానీ మేరమ్మొదినా, ఆ ఉత్తరం రానీ" అనేది. అమెరికా అంటే ఆవిడ దృష్టిలో పెద్ద సభ. అందరూ వరసగా కూర్చుని ఉంటారు, ఎవరో ప్రశ్న చదువుతారు, సగానికి మించి చేతులు లేస్తాయి. లేచిన చేతులు ఊరికే పోవు కదా.

నవంబరులో ఉత్తరం వచ్చింది. మాస్టారు పెద్దల ముందు చదివి, ఒక్కో వాక్యమే తెలుగు చేశాడు. సామ్రాజ్యం బాగా గుర్తుంది, ఆమె ఫొటో మా పత్రికలో వేశాం, ఆమెకు నా ప్రేమ చెప్పండి. అయితే నేను అడిగింది లోకవ్యవహారం గురించి. చదువులు, ఉద్యోగాలు, జీతాలు, ఓట్లు, వీటిల్లో సమానత్వం గురించి. గుడిలో బల్ల గురించి కాదు. మా సంఘంలో ఆ పని స్త్రీలకు ఇంకా ఇవ్వలేదు, దాని మీద పెద్ద వాదన నడుస్తోంది. పైగా మేము జనం అభిప్రాయం అడుగుతామే గాని, దాన్నిబట్టి ఎవరూ ఏమీ చెయ్యాలని లేదు. జరిగినదానికి విచారిస్తున్నాను.

సామ్రాజ్యం మాస్టారి వైపు తిరిగింది. "సంఘంలో అని మీరే చదివారు కదండీ."

"సొసైటీ అని ఉంది ఇంగ్లీషులో" అన్నాడాయన, కాగితం మడుస్తూ. "సమాజం అని రాద్దామనుకున్నాను. సమాజం అంటే మీకేం తెలుస్తుంది? అందుకని సంఘం అన్నాను. పుస్తకాల్లో రెండూ ఒకటే."

"మాకు సంఘం అంటే గుడేగదండీ."

"అదే నేననేది. గుడి దాటితే మీకు వేరే లోకం ఏముందమ్మా?"

తప్పు తెలుగు చేసిన మాస్టారిని ఎవరూ ఏమీ అనలేదు. ఇంగ్లీషు వచ్చినవాడు ఆయన ఒక్కడే. పాదిరిగారు తీర్పు చెప్పారు. ఆదివారం సంఘం ముందు నిలబడి, నేను చిట్టెమ్మకు ఇచ్చింది బల్ల కాదు, ఉత్త రొట్టె, బెల్లం నీళ్ళు, తెలియక చేశాను అని చెప్పాలి. చెబితే కొలువు ఉంటుంది. చెప్పకపోతే కొలువూ పాకా రెండూ పోతాయి.

"ఒక్క మాటకి కూడు పోగొట్టుకుంటావా వదినా" అంది మేరమ్మ ఆ రాత్రి కంచంలో అన్నం పెట్టి. "నోటితో అనేసెయ్. ప్రభువుకి తెలీదా లోపల ఏముందో."

"చిట్టెమ్మ ఉత్త రొట్టె తిని పోయిందని చెప్పాలి, మేరమ్మొదినా."

"పోయినామెకి ఏం తెలుస్తుంది?"

నలభై నాలుగేళ్ళ ఒంటరి ఆడమనిషి. మిరపకాయ కోతకు పోతే వంగలేని నడుం. రెడ్డిగూడెంలో తమ్ముడి పెళ్ళాం గడప తొక్కనివ్వదు. సామ్రాజ్యం ఆ వారమంతా ఈ మూడింటి చుట్టూ తిరిగి తిరిగి చూసింది. నాలుగోది కనపడలేదు.

ఆదివారం లేచి నిలబడింది. చెప్పమన్నది చెప్పమన్నట్టే చెప్పింది. ఒక్క మాట తప్పిపోలేదు. ఆమెన్ అన్నారు పాదిరిగారు. కూర్చోబోతూ చూస్తే ఆడవాళ్ళ వరసలో నాగేంద్రమ్మ ఉంది. తల్లి పేర కానుక వెయ్యాలని పొద్దున బస్సుకు వచ్చిందట. కానుక చేతిలోనే ఉంది. పళ్ళెం తన ముందుకు వచ్చినప్పుడు పక్కామెకు అందించేసి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

సామ్రాజ్యం పదిరోజులు ఆగి పెనుగొలను పేటకు పోయింది. నాగేంద్రమ్మ తిట్టలేదు. పీట వేసింది, చెంబుతో నీళ్ళిచ్చింది. నీళ్ళు తాగేదాకా ఆగి అడిగింది.

"మా అమ్మ తిన్నది ఉత్త రొట్టేనా పిన్నీ?"

"అలా అనమన్నారే."

"అనమంటే అన్నావా?"

"పాక ఖాళీ చెయ్యమన్నారు నాగేంద్రం. ఎక్కడికి పోను?"

"సర్లే. నిన్ను తప్పు పట్టను. నేనైనా అంతే." నాగేంద్రమ్మ చేటలో కందులు చెరుగుతూ, తలెత్తకుండానే మళ్ళీ అడిగింది. "ఆరోజు ఇచ్చావు చూడు, అది నీ అంతట నువ్వే ఇచ్చావా, అదీ ఎవరో ఒప్పుకున్నారంటే ఇచ్చావా?"

సామ్రాజ్యం చెంబు కింద పెట్టింది. అమెరికాలో సగానికి మించి అన్నారు, అందుకే నా చెయ్యి లేచిందని చెప్పాలి. అది నిజం. నీ తల్లి కళ్ళు చూసి ఇచ్చానని చెప్పాలి. అదీ నిజమే. మొదటిది లేకుండా రెండోది చేసి ఉండేదాన్నా అని తనను తాను అడిగి చూసుకుంది. ఏ దొరసానీ ఆ ప్రశ్న వెయ్యలేదు.

"పొద్దు వాలుతోంది పిన్నీ. బస్సు తప్పిపోద్ది" అంది నాగేంద్రమ్మ.

ఆ తరువాత కూడా సామ్రాజ్యం ఆ కొలువు చేసింది. మర్యాదకు లోటు లేదు, వందనాలకు లోటు లేదు. పేటల్లో పీట వేస్తారు, ఉత్తరాలు చదివించుకుంటారు, పురుటికి పిలుస్తారు. మనిషి పోయే ఘడియ వచ్చినప్పుడు మాత్రం ఆమెను లోపలికి రమ్మనరు. ఎవరినో సైకిలిచ్చి తిరువూరు తరుముతారు. సామ్రాజ్యం అరుగు మీద, మగవాళ్ళతో పాటు కూర్చుని దారివైపు చూస్తుంది. డెబ్బై తొమ్మిది ఎండాకాలంలో నాగేంద్రమ్మ అత్త పోయినప్పుడు అలాగే కూర్చుంది. పాదిరిగారు విజయవాడ పోయారని సైకిలు మనిషి మధ్యాహ్నానికి కబురు తెచ్చాడు. లోపలినుంచి ముసలమ్మ మూలుగు వినపడుతూనే ఉంది. అరుగు మీది మగవాళ్ళు సామ్రాజ్యం వైపు చూడకుండా చుట్టలు వెలిగించారు. ఆవిడ కూడా తలెత్తలేదు. మూలుగు ఆగేదాకా అందరూ అలాగే కూర్చున్నారు.